పని విలువ కట్టేది ఎవరు? కనీస వేతనం, సమాన వేతనం

సభకు వచ్చిన పెద్దలకు, న్యాయశాస్త్ర విద్యార్థులకు, ఒక పూట కూలి వదులుకొని వచ్చిన కార్మిక సోదరీసోదరులకు నమస్కారం.

1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. వాటి కోసం స్టేడియంలు, ఫ్లైఓవర్లు, క్రీడాగ్రామం కట్టిన కూలీలకు చట్టప్రకారం రోజుకు రూ.9.25 కనీస వేతనం ముట్టాలి. ఆ సొమ్మును కాంట్రాక్టర్లు నేరుగా కూలీలకు ఇవ్వకుండా, వారిని ఊళ్ల నుంచి తోలుకొచ్చిన జమాదార్ల ద్వారా ఇస్తున్నారనీ, జమాదారు తలకొక రూపాయి కమీషన్ పట్టుకొని రూ.8.25 చేతిలో పెడుతున్నాడనీ, ఆడవాళ్లకైతే రూ.7 మాత్రమే ఇస్తున్నాడనీ సుప్రీంకోర్టుకు ఫిర్యాదు వెళ్లింది. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రాటిక్ రైట్స్ అనే పౌరహక్కుల సంస్థ జస్టిస్ పి.ఎన్.భగవతికి రాసిన ఉత్తరాన్నే కోర్టు రిట్ పిటిషన్‌గా తీసుకొని, క్రీడలు మొదలుకాక ముందే, సెప్టెంబరులో తీర్పు చెప్పింది. మార్కెట్ ధర కన్నా తక్కువకే అయినా ఒప్పుకొనే చేస్తున్నారు కదా, ఇందులో బలవంతం ఏముంది అని అడిగేవారికి ఆ తీర్పులో జవాబు ఉంది. కర్ర పట్టుకొని నిలబడితేనే బలవంతం కాదు, ఆకలి కూడా బలవంతమే, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికి వస్తుంది అని కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది రాజస్థాన్ కరువు పనుల కేసులోనూ ఇదే మాట చెప్పింది. కరువు పని దయతో పెట్టిన పని కనుక కనీస వేతనం అక్కరలేదన్న వాదనను ఒప్పుకోలేదు.

జమాదారు అన్న పేరు మనవైపు వినపడకపోవచ్చు గానీ, ఆ మనిషి మనకు బాగా తెలిసినవాడే. పాలమూరు నుంచి దేశం నలుమూలలా ఆనకట్టల పనులకు వెళ్లిన కూలీలను అడ్వాన్సులిచ్చి కూడగట్టిన గుంపు మేస్త్రీ చేసింది ఇదే పని.

ఆ కేసులోని మూడు అంకెలు ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది. రూ.9.25కూ రూ.8.25కూ మధ్య తేడా కనీస వేతనాల చట్టం సంగతి. రూ.8.25కూ రూ.7కూ మధ్య తేడా సమాన వేతనాల చట్టం సంగతి. చట్టాలు రెండు, వాటి చరిత్రలూ రెండే, కాని ఆడకూలీ కొంగున ముడివేసుకొని ఇంటికి తెచ్చుకొనే సొమ్ము ఒక్కటే. ఇవాళ నేను చెప్పదలచుకొన్నదీ ఈ సందర్భం నుంచే పుడుతుంది. ఆడ, మగ పక్కపక్కన నిలబడి ఒకే పని చేస్తున్నచోట సమాన వేతన సూత్రం బాగానే పనిచేస్తుంది. కాని మన దేశంలో స్త్రీలకు జరిగే నష్టంలో పెద్ద వాటా వాళ్లు మగవారి పక్కన లేనిచోట, కేవలం ఆడవాళ్ల పనిగా ముద్రపడిన పనుల్లో జరుగుతున్నది. ఆ నష్టానికి మూలం కనీస వేతనాల నోటిఫికేషన్లలో ఏ పనిని ఏ తరగతిలో రాశారన్న చోట ఉంది. సమాన వేతనం కోసం పోరాడేవారు ఆ నోటిఫికేషన్లను చదవడం లేదన్నది నా ఫిర్యాదు.

ముందుగా కనీస వేతనం ఎలా పుట్టిందో చూద్దాం. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1948లో, కనీస వేతనాల చట్టం వచ్చింది. ఆ చట్టం అందరికీ వర్తించేది కాదు. దాని చివర ఒక షెడ్యూలు ఉండేది. ఆ జాబితాలో పేరున్న పనికే రక్షణ, లేని పనికి లేదు. రాష్ట్రాలు తమ తమ పరిధిలో పేర్లు చేర్చుకుంటూ పోయాయి. అయిదేళ్లకు మించకుండా రేట్లు సవరించాలన్నది నియమం. మన రెండు రాష్ట్రాల్లోనూ ధరల సూచీని బట్టి ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కరువు భత్యం కలుస్తుంది గానీ, మూల రేటే ఏళ్ల తరబడి కదలకపోతే ఆ భత్యం చిరిగిన బట్టకు మాసికలాగే మిగులుతుంది.

ఎంత ఇస్తే కనీసం అన్న ప్రశ్నకు చట్టం జవాబు చెప్పలేదు. జవాబు 1957లో న్యూఢిల్లీలో జరిగిన 15వ భారత కార్మిక సమావేశం చెప్పింది. సంపాదించే ఒక్క మనిషి మీద మూడు వినియోగ యూనిట్ల కుటుంబం ఆధారపడుతుంది, పోషకాహార నిపుణుడు ఐక్రాయిడ్ లెక్క ప్రకారం ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి కావాలి, మనిషికి ఏడాదికి 18 గజాల చొప్పున నలుగురికి 72 గజాల బట్ట కావాలి, ప్రభుత్వ పారిశ్రామిక గృహ పథకంలో కనీస వైశాల్యానికి వసూలు చేసే అద్దె కలపాలి, వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు మొత్తం వేతనంలో 20 శాతం ఉంచాలి. ఆ తరువాత 1991లో రెప్టకోస్ బ్రెట్ కంపెనీ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పండుగలు, ముసలితనం, పెళ్లిళ్లు వంటి అవసరాలకు ఇంకో 25 శాతం ఉండాలని చేర్చింది. అంతకు చాలా ముందే, 1958లో, క్రౌన్ అల్యూమినియం కేసులో అదే కోర్టు ఒక కటువైన మాట అన్నది: కార్మికుడికి బతకడానికి చాలినంత కనీస వేతనం కూడా ఇవ్వలేని పరిశ్రమకు నడిచే హక్కే లేదు. నష్టాల సాకు చూపేవారి ముందు పెట్టదగిన వాక్యమది.

ఇక్కడ కొంచెం ఆగి ఆ మూడు యూనిట్ల లెక్క లోపలికి చూడాలి. మగవాడికి ఒకటి, అతని భార్యకు 0.8, ఇద్దరు పిల్లలకు 0.6 చొప్పున 1.2, వెరసి మూడు. స్త్రీ, పిల్లల సంపాదన లెక్కలోకి తీసుకోరాదని ఆ సమావేశమే అన్నది. ఆ మాట ఉద్దేశం మంచిదే, ఒక్కరి కూలితో ఇల్లు గడవాలన్నదే దాని ఆశయం. కాని ఆ లెక్కలో సంపాదించేవాడు మగవాడు, ఆడమనిషి తినే మనిషి, అదీ అయిదింట ఒక వంతు తక్కువ తినే మనిషి. తెల్లవారుజామున లేచి ఇంటెడు చాకిరీ ముగించి పొద్దెక్కేదాకా కలుపు తీసే మనిషికి తిండి తక్కువ చాలునని ఏ కొలతతో తేల్చారో ఆ పట్టికలో కనపడదు. 2019లో అనూప్ సత్పతి నాయకత్వంలోని నిపుణుల సంఘం యూనిట్లను 3.6కు పెంచింది, కేలరీలను 2,400కు తగ్గించింది, వాటితోపాటు రోజుకు 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల కొవ్వు ఉండాలంది. దేశమంతటికీ ఒకే అంకె అయితే రోజుకు రూ.375 అని, ప్రాంతాలవారీగా అయితే రూ.342 నుంచి రూ.447 వరకు అని సూచించింది. అప్పటికి చట్టబద్ధత లేకుండా అమలులో ఉన్న జాతీయ స్థాయి నేలమట్టపు వేతనం, అంటే రాష్ట్రాలు దీనికి దిగువకు పోరాదని కేంద్రం సూచించే అంకె, 2017లో రూ.176 అని గుర్తుచేసుకుంటే, ఆ నివేదికను చప్పున పక్కన పెట్టడం ఎందుకు జరిగిందో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు సమాన వేతనం సంగతి. రాజ్యాంగం 39వ అధికరణంలోని డి ఖండం స్త్రీ, పురుషులిద్దరికీ సమాన పనికి సమాన వేతనం ఉండాలని ఆదేశిక సూత్రంగా చెప్పింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన 100వ ఒడంబడికను మన దేశం 1958లో ఆమోదించింది. చట్టం రావడానికి మాత్రం ఇంకా పదిహేడేళ్లు పట్టింది. దేశంలో స్త్రీల స్థితిగతుల మీద వేసిన కమిటీ 1974లో నివేదిక ఇచ్చాక, అంతర్జాతీయ మహిళా సంవత్సరమైన 1975 సెప్టెంబరులో ఆర్డినెన్సు, 1976లో సమాన వేతనాల చట్టం వచ్చాయి.

ఆ చట్టం ఎంత దూరం పోగలదో 1987లో మెకినన్ మెకంజీ కేసులో తెలిసింది. ఆ నౌకా సంస్థలో మహిళా స్టెనోగ్రాఫర్ల జీతం పురుష స్టెనోగ్రాఫర్ల కన్నా తక్కువగా ఉండేది. ఉద్యోగం పోయిన ఆడ్రీ డికోస్టా తనకు రావలసిన తేడా ఇప్పించమని అర్జీ పెట్టారు. ఆ తేడా రూ.7 వేల పైచిలుకు, అంతకు మించి లేదు. కంపెనీ మూడు వాదనలు తెచ్చింది. మహిళా స్టెనోలు పెద్ద అధికారుల వద్ద ఆంతరంగిక పని చేస్తారు కనుక వారిది వేరే కొలువు అన్నది. యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారమే జీతాలు ఇచ్చామన్నది. అసలు అంత ఇచ్చుకొనే స్తోమత లేదన్నది. జస్టిస్ ఇ.ఎస్.వెంకట్రామయ్య ధర్మాసనం మూడింటినీ తోసిపుచ్చింది. పని ఒకటేనా కాదా అని చూసేటప్పుడు చిన్నచిన్న తేడాలు పట్టుకొని వేలాడకుండా మొత్తంగా విశాల దృష్టితో చూడాలని చెప్పింది. యూనియన్ సంతకం చేసినంత మాత్రాన వివక్ష చట్టబద్ధం కాదన్నది, ఇది యూనియన్ నాయకులు గుర్తుంచుకోవలసిన సంగతి. ఇదే వరుసలో, ఆడ మగ తేడాతో సంబంధం లేకపోయినా, ఢిల్లీ పోలీసు డ్రైవరు వేసిన 1982 నాటి రణధీర్ సింగ్ కేసు, తాత్కాలిక ఉద్యోగులకూ అదే పనికి అదే వేతనం ఇవ్వాలన్న 2016 నాటి జగ్‌జీత్ సింగ్ కేసు వస్తాయి.

ఆడ్రీ డికోస్టా గెలవడానికి వీలు కలిగించింది ఒక్కటే: అదే ఆఫీసులో అదే టైపు మిషను ముందు ఒక మగ స్టెనో కూర్చొని ఉన్నాడు. పోల్చడానికి మనిషి దొరికాడు. ఇప్పుడు వరి పొలానికి రండి. దుక్కి, మందు కొట్టడం, బస్తాలు మోయడం మగవారి పనులు. నాటు, కలుపు ఆడవారివి. మునుం పట్టిన పన్నెండు మందీ ఆడవాళ్లే అయినప్పుడు ఎవరితో పోల్చాలి? నీ పని వేరు, అతని పని వేరు, కనుక కూలి వేరు అంటే, ఒకే పనికి లేదా ఒకే స్వభావం గల పనికి అని రాసుకున్న చట్టం నోరు మూసుకోవాల్సిందే. అంతర్జాతీయ ఒడంబడిక సమాన విలువ గల పని అంటుంది, మన చట్టం అంతదూరం పోలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ నిపుణుల సంఘం ఈ లోటును మనకు పలుమార్లు ఎత్తి చూపింది కూడా.

నాటు పనిలో నైపుణ్యం లేదనేవారు ఒక్కరోజు మడిలో దిగి చూడాలి. పిక్కల లోతు బురదలో నడుము వంచి, ఎడమ చేతిలో నారు కట్ట పట్టుకొని, కుడిచేతి వేళ్లతో రెండు మూడు మొక్కలు విడదీసి, లోతు ఎక్కువైతే పిలక పెట్టదు, తక్కువైతే నీటికి లేచి తేలుతుందని తెలిసి, కుదురుకూ కుదురుకూ మధ్య ఎడం తప్పకుండా, ముందుకు కాక వెనక్కి అడుగు వేస్తూ, పక్కవారి వేగానికి వెనకబడకుండా సాయంత్రం దాకా సాగాలి. కాళ్లు పాచిపోతాయి, గోళ్ల మొదళ్లు పుండ్లు పడతాయి. ఇది నేర్పు లేని పని అని రాసిన గుమాస్తా ఎవరో గానీ, నాటు ఎలా వేస్తారో చూసి రాసి ఉండడు. ఇటీవలి సీజన్లలో తెలంగాణ జిల్లాలకు బీహారు, ఉత్తరప్రదేశ్, బెంగాల్ నుంచి మగ కూలీలు జట్లుగా వచ్చి ఎకరానికి ఇంత అని గుత్తకు నాట్లు వేస్తున్నారు. అదే మడిలో ఇప్పుడు మగవాడు దిగాడు కనుక పోల్చడానికి మనిషి దొరికినట్టే. అయితే పోలిక ఒకే యజమాని దగ్గర ఉండాలని చట్టం అంటుంది. పక్క రైతు పొలంలో ఎంతిచ్చినా అది లెక్కలోకి రాదు.

బీడీల పరిస్థితి ఇంకొక రకం. నిజామాబాద్, కరీంనగర్ పాత జిల్లాల్లో ఇంటి గడపలో కూర్చొని చాటలో ఆకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుట్టేవాళ్లలో మగవారిని వెతుక్కోవాలి. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని కడతారు. గంటల లెక్క లేదు. తునికాకు నానబెట్టడం, కత్తిరించడం, కట్టలు కట్టడం ఈ పనులన్నీ వెయ్యి బీడీల రేటులోనే కలిసిపోతాయి. ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకొనే టేకేదారు ఆకు తక్కువ తూచినా, బాగాలేవని కొన్ని బీడీలు పక్కకు తీసినా, ఆ కోత ఏ జీతాల రిజిస్టరులోనూ కనపడదు. చుట్టేవారికి పోల్చుకోవడానికి మగవాడు లేడు కనుక సమాన వేతన చట్టం అక్కరకు రాదు. వాళ్లకు ఉన్న ఆధారం వెయ్యి బీడీల కనీస రేటు ఎంతో రాసిన నోటిఫికేషన్ ఒక్కటే. ఆ అంకె వేసేటప్పుడు రోజుకు ఎన్ని బీడీలు చుట్టగలరని ఊహించారో, ఆ ఊహే వారి దినకూలి.

అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలకు ఈపాటి రక్షణ కూడా లేదు. గౌరవ వేతనం మీద సేవ చేసేవారుగా లెక్కకట్టడంతో కనీస వేతనం గడప దగ్గరే ఆగిపోతుంది. 2022లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని చెప్పడం ఆ గోడలో పడిన మొదటి పగులు. ప్రభుత్వమే యజమాని అయినచోట ప్రభుత్వమే చట్టాన్ని పక్కన పెట్టిన మరో ఉదాహరణ ఉపాధి హామీ పనులు. 2005 నాటి చట్టంలోని ఆరవ సెక్షను కనీస వేతనాల చట్టంతో నిమిత్తం లేకుండా కూలి రేటు నిర్ణయించే అధికారం కేంద్రానికిచ్చింది. 2009 జనవరిలో ఆ మేరకు వచ్చిన నోటిఫికేషన్‌ను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అదే ఏడాది నిలిపివేసింది. 2011లో కర్ణాటక హైకోర్టూ కూలీల పక్షమే పలికింది. ఆ పనుల్లో ఇంకో మంచి జరిగింది: ఆడకూలి, మగకూలి అని రెండు రేట్లు లేకపోవడంతో, పొలం పనికి పిలవడానికి వచ్చిన ఆసామితో బేరమాడే ధైర్యం ఆడవాళ్లకు వచ్చింది.

ఇక కొత్త చట్టం. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. 1936 నాటి వేతన చెల్లింపుల చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం, 1965 నాటి బోనస్ చట్టం, 1976 నాటి సమాన వేతనాల చట్టం నాలుగూ దానిలో కలిసిపోయాయి. దానిలో మంచి ఉంది, ఒప్పుకోవాలి. షెడ్యూలు పోయింది, ఇకమీద జాబితాలో పేరు లేదని తప్పించుకోవడం కుదరదు. కేంద్రం నిర్ణయించే నేలమట్టపు వేతనానికి చట్టబద్ధత వచ్చింది, రాష్ట్రాలు దానికి దిగువన రేటు పెట్టలేవు, ఇప్పటికే ఎక్కువ ఉంటే తగ్గించలేవు. బకాయిల క్లెయిము వేయడానికి పాత చట్టంలో ఆరు నెలల గడువు ఉండేది, ఇప్పుడు మూడేళ్లు. వేతనం ఇచ్చామని రుజువు చేసే భారం యజమాని మీదే ఉంది. కాంట్రాక్టరు చేతులెత్తేస్తే సంస్థ యజమాని చెల్లించాలి. స్త్రీ, పురుషుడు అన్న పాత మాటల స్థానంలో ఏ జెండర్ వారైనా అని రాయడంతో ట్రాన్స్‌జెండర్ కార్మికులూ లోపలికి వచ్చారు.

నష్టాలూ ఉన్నాయి. పాత చట్టంలో తక్కువ వేతనం ఇచ్చినవాడికి ఆరు నెలల దాకా జైలు ఉండేది, జరిమానా మాత్రం నవ్వు పుట్టించే రూ.500. కొత్త దానిలో మొదటి తప్పుకు రూ.50 వేల దాకా జరిమానాయే, జైలు లేదు. పైగా ఆ గరిష్ఠ జరిమానాలో సగం కట్టి రాజీ చేసుకోవచ్చు. అయిదేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తేనే మూడు నెలల దాకా జైలు. ఇన్‌స్పెక్టరు పేరుకు సదుపాయకర్త అన్న తోక తగిలించారు. పదోన్నతి, శిక్షణ, బదిలీల్లో వివక్ష కూడదని 1987 సవరణ పేరుపెట్టి చెప్పిన మాటలు కొత్త పాఠంలో లేవు. ఉద్యోగ నిబంధనలు అన్న సాధారణ పదంలో అవి ఇమిడే ఉన్నాయని వాదించవచ్చు, వాదించాలి కూడా. కాని వాదించి గెలుచుకోవలసిన దానికీ చట్టంలో రాసి ఉన్నదానికీ తేడా లాయరు ఫీజు కట్టిన ప్రతివారికీ తెలుసు. కేలరీలు, గజాల కొలతలు చట్టంలోకి రాలేదు, వాటిని నిబంధనలకు వదిలేశారు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ కోడ్‌లోని ఆరవ సెక్షను. కనీస వేతనం నిర్ణయించేటప్పుడు పనిని నైపుణ్యం లేనిది, కొంత ఉన్నది, ఉన్నది, ఎక్కువగా ఉన్నది అని నాలుగు తరగతులుగా చూడవచ్చునని అది చెబుతుంది. దానితోపాటు పని కష్టాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చునంటూ, ఓర్చుకోలేని వేడి, ఉక్క, ప్రమాదకరమైన ప్రక్రియలు, భూగర్భంలో పని వంటివి ఉదహరిస్తుంది. కొలిమి ముందు నిలబడేవాడు, గనిలో దిగేవాడు చట్టం రాసినవారి కంటికి కనపడ్డారు. రోజంతా వంగి ఉండే నడుము, నీటిలో నానే పాదం, ఏళ్ల తరబడి తంబాకు ధూళి పీల్చే ఊపిరితిత్తి కనపడలేదు. కాని వంటివి అని రాశారు కనుక తలుపు మూసుకుపోలేదు.

ఆ తలుపు తట్టే పద్ధతి కూడా చట్టంలోనే ఉంది. ప్రభుత్వం కమిటీ వేసి రేట్లు నిర్ణయించవచ్చు, లేదా ప్రతిపాదనలను నోటిఫికేషన్‌గా ప్రకటించి అభ్యంతరాలకు రెండు నెలలకు తక్కువ కాకుండా గడువు ఇవ్వాలి. సలహా మండలుల్లో మూడో వంతు స్త్రీలు ఉండాలి. ఇన్నాళ్లూ నేను చూసినంతలో, గెజెట్‌లో ముసాయిదా పడిన వెంటనే యజమానుల సంఘాల నుంచి టైపు చేసిన అభ్యంతరాలు కట్టలుగా చేరతాయి. కూలీల వైపు నుంచి వచ్చేవి రేటు పెంచమని అడుగుతాయి తప్ప, ఏ పనిని ఏ తరగతిలో వేశారని అడగవు.

ఈసారి వ్యవసాయం ముసాయిదా వచ్చినప్పుడు మనం పంపే కాగితంలో మూడు సంగతులు ఉండాలని నా మనవి. నాటును నైపుణ్యం లేని పనుల వరుస నుంచి తీసి కనీసం కొంత నైపుణ్యం గల పనిగా రాయాలి, అందుకు కుదురు లోతు, ఎడం, వేగం గురించి వ్యవసాయ విశ్వవిద్యాలయాల సాగు సూచనల్లో ఉన్న ప్రమాణాలనే సాక్ష్యంగా జతచేయాలి. వంగి చేసే పనిని, నీటిలో నిలిచి చేసే పనిని ఆరవ సెక్షను కింద కష్టమైన పనిగా గుర్తించి అదనపు రేటు అడగాలి. గుత్త పద్ధతిలో ఎకరానికి ఇచ్చే మొత్తాన్ని జట్టులోని మనుషులతో, గంటలతో భాగించి, అది దినకూలికి తగ్గితే తేడా ఎవరు కట్టాలో నోటిఫికేషన్‌లోనే రాయమనాలి. విద్యార్థులు రాసిపెడితే, సంతకాలు చేయడానికి మునుం పట్టే ఆడవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.